లోకం పోయిన మర్నాడు పొద్దున్న

ఒక పెద్దాయన ఇంట్లో తలుపులు ఊడదీస్తున్నాడు. చేతిలో ప్రభుత్వం పంచిన చిన్న పుస్తకం. తలుపుల్ని గోడకి ఎంత వాలుగా ఆనించాలో, వాటి మీద ఏం పేర్చాలో, ఎన్ని రోజులకి సరిపడా తిండీ నీళ్ళూ పెట్టుకోవాలో అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఆయన ఒక్కో వాక్యం చదువుతూ అచ్చం అలాగే చేస్తున్నాడు. మంచి దిండ్లు పాడవుతాయని భార్య విసుక్కుంటోంది. కాసేపటికి రేడియోలో హెచ్చరిక వస్తుంది, మూడే నిమిషాలు టైముంది. ఆయన ఆమెని లోపలికి లాగుతుంటే ఆమెకేమో ఓవెన్‌లో పెట్టిన కేకు మాడిపోతుందని బెంగ. పేజీ తిప్పితే రెండు పేజీలూ కలిపి తెలుపు. అంచుల్లో కొంచెం గులాబీ ఛాయ. అంతే.

బ్రిటిష్ చిత్రకారుడు రేమండ్ బ్రిగ్స్ 1982లో తెచ్చిన బొమ్మల కథ 'వెన్ ద విండ్ బ్లోస్' ఇది. బ్రిగ్స్ అనగానే చాలామందికి పిల్లల పుస్తకాలు గుర్తొస్తాయి, మంచుమనిషి కథ బొమ్మల్లో చెప్పింది కూడా ఆయనే. అదే చేత్తో, అదే మెత్తటి గీతతో జిమ్, హిల్డా అనే ఇద్దరు ముసలివాళ్ళ కథ గీశాడు. అణుబాంబు పడ్డాక వాళ్ళు బతికే ఉంటారు. అసలు పుస్తకం అక్కణ్ణించి మొదలవుతుంది. ఆమె ఇల్లు సర్దడానికి చూస్తుంది, పాలు రాలేదేమిటి, పేపరు రాలేదేమిటి అని మాట్లాడుకుంటారు, కుళాయి ఎండిపోతే వాన నీళ్ళు పట్టుకుంటారు. ప్రభుత్వం వాళ్ళు ఇవాళో రేపో వచ్చేస్తారని జిమ్ నమ్మకం. పేజీలు గడిచేకొద్దీ ఆ ఇద్దరి బుగ్గల మీద రంగు కొద్దికొద్దిగా తగ్గిపోతుంది. వాళ్ళకేమవుతోందో వాళ్ళకి తెలీదు, మనకి మాత్రం రంగు చెప్పేస్తుంది. ఆ తలుపుల సలహా కూడా బ్రిగ్స్ కల్పించింది కాదు. బ్రిటన్ ప్రభుత్వం 1980లో 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్' పేరుతో నిజంగానే అలాంటి పుస్తకం అచ్చేసింది, అందులో తలుపులు ఊడదీసి గోడకి ఆనించుకోమనే ఉంది.

పోస్ట్ అపోకలిప్టిక్ కామిక్స్, అంటే లోకం కూలిపోయాక జరిగే బొమ్మల కథలు, అలాంటివే జపాన్ నుంచి వచ్చే మాంగా, నేను చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. "ఎప్పుడు చూసినా ఆ పాడుబడ్డ ఊళ్ళేనా, మనసు పాడైపోదూ?" అని స్నేహితులు అడుగుతూనే ఉంటారు. పాడవదు. ఎందుకు పాడవదో ఇన్నాళ్ళకి చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను. లోకం ఎలా పోయిందన్నది నాకు పెద్దగా పట్టదు. బాంబో, వైరసో, మంచో, ఏదో ఒకటి. మర్నాడు పొద్దున్న లేచి వీళ్ళు ఏం చేశారు? ముందు ఏ పని పట్టుకున్నారు? ఉన్న కాస్త తిండి ఎవరికి పెట్టారు? ఈ ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పే పుస్తకం నన్ను ఏళ్ళ తరబడి వదలదు. మన భాషలో యుగాంతం అన్న మాటలోనే ఇంకో యుగం ఉందన్న భరోసా ఉంది కదా. ప్రళయం కథ చెప్పినా పడవలో విత్తనాలు, ఓషధులు, సప్తర్షులు ఎక్కాకే నీళ్ళు పొంగుతాయి. నేను చూసేది ఆ పడవ వైపు. (ముందే చెప్తున్నాను, ఇక్కడ నుంచి చాలా కథల గుట్టు బయటపడుతుంది. చదవాలనుకునేవాళ్ళు చూసుకోండి.)

'అకిరా' మొదటిసారి చదివినప్పుడు నాకు పదిహేడేళ్ళు. కవర్ మీద బైకు చూసి చదివాను. కత్సుహిరో ఓటోమో 1982 డిసెంబర్ నుంచి 1990 దాకా యంగ్ మ్యాగజైన్‌లో సీరియల్‌గా గీసిన మాంగా అది, మొత్తం 6 వాల్యూమ్‌లు, రెండు వేల పైచిలుకు పేజీలు. నాలుగు రోజుల్లో లాగించేశాను. మూడో వాల్యూమ్ చివర, కథ జరిగే నియో టోక్యో నగరం మొత్తం కూలిపోతుంది, పేజీల తరబడి ఒక్క మాట కూడా ఉండదు. మాటల్లేని పేజీ అంటే అప్పట్లో నాకు గబగబా తిప్పేసే పేజీ.

పదేళ్ళ తర్వాత, జ్వరం తగ్గి ఇంకా మంచం దిగలేని రోజుల్లో మళ్ళీ అదే తీశాను. చెయ్యడానికి వేరే పనేమీ లేదు కాబట్టి ఒక్కో బొమ్మ దగ్గర ఆగాను. ఒక బిల్డింగ్ పక్కకి ఒరుగుతుంటుంది. దాని కిటికీలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, వంద దాటాక ఆపేశాను. ప్రతి కిటికీకి ఫ్రేమ్ ఉంది, కొన్నిట్లో అద్దం పగిలింది, కొన్నిట్లో ఇంకా ఉంది. స్లాబు విరిగిన చోట లోపలి ఇనప చువ్వలు వంగి బయటికొచ్చాయి. ఇదంతా కంప్యూటర్ కాదు, స్కేలు పెట్టి, పెన్నుతో గీసిన గీతలు. ఒక ఊరిని కూల్చాలంటే ముందు ఆ ఊరంతా కాగితం మీద కట్టాలి కదా! అది కూల్చివేత సీను అనుకున్నాను ఇన్నాళ్ళూ. అక్కడున్న ప్రతి గదిలో ఎవరో ఒకరు కాపురం ఉండేవాళ్ళని గీసినాయనకి తెలుసనిపించింది.

సినిమా మాత్రమే చూసినవాళ్ళకి అకిరాలో నాకు ఇష్టమైన సగం తెలీదు. సినిమా 1988లోనే వచ్చేసింది, అప్పటికి మాంగా పూర్తవలేదు. పుస్తకంలో నగరం కూలిపోవడం సరిగ్గా మధ్యలో జరుగుతుంది. నాలుగో వాల్యూమ్ నుంచి కథంతా శిథిలాల్లోనే. ఒక పక్క అతీత శక్తులు వచ్చిన టెట్సువో అనే కుర్రాడి పేరు చెప్పుకుని సామ్రాజ్యం అంటూ ఒక ముఠా తయారవుతుంది. ఇంకో పక్క మియాకో అనే ముసలి సన్యాసిని తన గుడి దగ్గర దిక్కులేనివాళ్ళకి తిండీ మందులూ ఇప్పిస్తుంటుంది. ఆ గుడి దగ్గరి జనం ఉన్న ఫ్రేముల్లో ఎవరూ హీరోలు కాదు, కథకి పెద్దగా సంబంధం కూడా లేదు. నేను మాత్రం అక్కడే ఎక్కువసేపు ఉండిపోతాను.

1982 గురించి ఒక మాట చెప్పాలి. బ్రిగ్స్ పుస్తకం ఆ ఏడాదే, అకిరా మొదలైంది ఆ ఏడాదే. హయావో మియజాకి 'నౌసికా' మాంగా అనిమేజ్ పత్రికలో మొదలుపెట్టింది కూడా ఆ ఫిబ్రవరిలోనే. ఫ్రెంచ్‌లో జాక్ లోబ్ రాసి, జాన్ మార్క్ రోషెట్ గీసిన మంచుయుగపు రైలు కథ 'లె ట్రాన్స్‌పర్స్‌నెజ్' పత్రికలో రావడం మొదలైందీ ఆ ఏడాదే. వీళ్ళెవరూ ఒకళ్ళనొకళ్ళు చూసి గీసింది కాదు. యూరప్‌లో కొత్త అణుక్షిపణులు పెడతారా లేదా అని లక్షలమంది వీధుల్లోకి వచ్చిన కాలం అది, ఆ టెన్షన్ అందరి బల్లల మీదకీ వచ్చి కూర్చుంది. ఆ రైలు కథ గురించి ఎక్కువ చెప్పను. వెయ్యిన్నొక్క బోగీలు, వెనక పేదలు, ముందు ధనవంతులు, ఆగితే అందరూ పోతారు. బాంగ్ జూన్ హో 2013లో తీసిన 'స్నోపియర్సర్' సినిమాకి మూలం అదే. ఆలోచన గొప్పది, మనుషులు మాత్రం నాకు కొంచెం చల్లగా తగిలారు.

నౌసికా గురించి మాత్రం తొందరపడను. 1982లో మొదలై, మధ్యలో సినిమాల కోసం మియజాకి ఎన్నోసార్లు ఆపి, చివరికి 1994 మార్చిలో ముగించాడు. 7 వాల్యూమ్‌లు. 1984లో వచ్చిన సినిమా అందులో సుమారు మొదటి రెండు వాల్యూమ్‌ల కథ. 'అగ్ని ఏడు దినాలు' అనే యుద్ధంలో పాత నాగరికత కాలిపోయి వెయ్యేళ్ళవుతుంది. విషపు గాలి వదిలే బూజు అడవి భూమిని కమ్మేస్తుంటుంది, దాన్ని కాపలా కాసే ఓము అనే పెద్దపెద్ద పురుగులుంటాయి. అందరూ ఆ అడవిని తగలబెట్టాలని చూస్తారు. నౌసికా అనే ఈ రాజకుమార్తె ఏం చేస్తుందో తెలుసా? ఆ అడవి మొక్కల్ని తెచ్చి, ఎవరికీ తెలీకుండా ఒక గదిలో, లోతు నుంచి తోడిన మంచి నీళ్ళు పోసి పెంచుతుంది. అక్కడ అవి విషం కక్కవు! మొక్క తప్పు కాదు, మట్టి పాడైపోయింది, ఆ విషాన్ని మొక్కే పీల్చి శుభ్రం చేస్తోంది. కత్తి తిప్పే రాజకుమార్తెలు చాలా కథల్లో ఉన్నారు. అందరూ భయపడే మొక్కని కుండీలో పెట్టి, రోజూ నీళ్ళు పోసి, ఏమవుతుందో చూద్దామనుకున్న మనిషి అరుదు.

జపాన్‌లో మినమాటా దగ్గర సముద్రంలో పాదరసం కలిసి, జనం చేపలు పట్టడం మానేశాక, అక్కడ చేపలు తిరిగి గుంపులుగా పెరిగాయని విన్న సంగతి ఈ కథకి ఒక మూలమని మియజాకి చెప్పుకున్నాడు. పుస్తకం చివరికొచ్చేసరికి విషయం ఇంకా కష్టమవుతుంది. ఆ అడవిని కూడా పాతకాలపు మనుషులే తయారుచేసి పెట్టారని, ఇప్పుడున్న మనుషుల శరీరాల్ని కూడా విషానికి అలవాటుపడేలా మార్చేశారని తెలుస్తుంది. అంటే గాలి పూర్తిగా శుభ్రమైన రోజున వీళ్ళు బతకరు. కొత్త స్వచ్ఛమైన మనుషుల్ని దాచిపెట్టిన ఆ చోటుని నౌసికా నాశనం చేస్తుంది. నిజం తెలిసీ తన వాళ్ళకి చెప్పదు. రండి, బతుకుదాం అంటుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఆమెకి ఆ హక్కెక్కడిదని. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను. కానీ మురికితో సహా, రోగాలతో సహా ఉన్న మనుషుల పక్షాన నిలబడింది చూడండి, ఆ నిలబడటం మాత్రం నాకు అర్థమైంది.

ఇవన్నీ ఊహలు. 'బేర్‌ఫుట్ జెన్' ఊహ కాదు. కేజీ నకజావాకి ఆరేళ్ళప్పుడు, 1945 ఆగస్టు 6న, హిరోషిమాలో బడి దగ్గరున్నాడు. బడి గోడ అడ్డుండటం వల్ల బతికాడు. నాన్న, అక్క, తమ్ముడు కూలిన ఇంటి కింద పోయారు. అమ్మ బతికింది, ఆ రోజే ఆమెకి ఆడపిల్ల పుట్టింది, ఆ బిడ్డ కొన్ని నెలలకే పోయింది. పెద్దయ్యాక మాంగా గీస్తూ కూడా ఆయన బాంబు జోలికి వెళ్ళలేదు. 1966లో అమ్మ పోయింది. దహనం అయ్యాక చూస్తే బూడిదలో ఏరుకోవడానికి ఎముకలు మిగల్లేదు. రేడియేషన్ అమ్మ ఎముకల్ని కూడా వదల్లేదన్న కోపంతోనే బాంబు గురించి గీయడం మొదలుపెట్టానని ఆయన చెప్పుకున్నాడు. 'బేర్‌ఫుట్ జెన్' 1973లో షోనెన్ జంప్ అనే పిల్లల వారపత్రికలో మొదలైంది. పిల్లల పత్రికలో!

ఈ పుస్తకం బొమ్మలు నాకు మొదట నచ్చలేదు. మనుషులు గట్టిగా అరుస్తారు, ఒకళ్ళనొకళ్ళు మొట్టుకుంటారు, పాటలు పాడతారు, కళ్ళు గుడ్లంత ఉంటాయి. ఇంత పెద్ద విషయాన్ని ఇలాగా గీసేది అనుకున్నాను. సగానికొచ్చాక అర్థమైంది. ఆరేళ్ళ పిల్లాడికి ఆకలేసినా గట్టిగానే వేస్తుంది, సంతోషం వచ్చినా గట్టిగానే వస్తుంది. ఇంకో సంగతి, మొత్తం 10 వాల్యూమ్‌లలో బాంబు పడేది మొదటిదాని చివర. మొదటిదంతా యుద్ధాన్ని తిట్టిన నాన్న, వెలేసిన ఇరుగుపొరుగు, చాలని తిండి. మిగతా తొమ్మిదీ 'తర్వాత'. తొమ్మిది పుస్తకాల తర్వాత!

అందులో ఒక ఘట్టం చెప్తాను. కథలో పిల్లాడు జెన్‌కి ఒక పని దొరుకుతుంది. ఒళ్ళంతా కాలి, పుళ్ళలో పురుగులు పడ్డ సేజి అనే బొమ్మలు వేసేవాడికి సేవ చెయ్యాలి. సొంతవాళ్ళే అంటుకుంటుందేమోనని ఆ గది గడప తొక్కరు. జెన్ పురుగులు తీస్తాడు, తుడుస్తాడు, అతను తిడితే తిరిగి తిడతాడు, ఒక దశలో కొట్టుకుంటారు కూడా. అన్నాళ్ళుగా ఎవరూ దగ్గరికే రాని మనిషి, తనతో ఒక పిల్లాడు సమానంగా పోట్లాడేసరికి మళ్ళీ మనిషవుతాడు, బొమ్మలు వేస్తానంటాడు. జాలి అతన్ని లేపలేదు, ఆ పోట్లాట లేపింది. ఇది కూర్చుని ఊహించి రాసే రచయితకి తట్టే సంగతి అని నేననుకోను. చచ్చిపోయిన తమ్ముడి పోలికలున్న ర్యూటా అనే దొంగపిల్లాడిని ఇంట్లో పెట్టుకోవడం కూడా అంతే. వాడు వచ్చింది తిండి దొంగతనానికి.

ఇలా చెప్పుకుంటూ పోతే నచ్చనివి కూడా ఉన్నాయి, అవీ చెప్పాలి. 1983లో బురోన్సన్, టెట్సువో హారా మొదలుపెట్టిన 'ఫిస్ట్ ఆఫ్ ద నార్త్ స్టార్' ఎంత పేరున్నదో నాకు తెలుసు, ఎడారి, గుంపులు, కండలు, ఒక్క వేలితో పేలిపోయే విలన్లు, ఆ తర్వాత వచ్చినవాటిలో సగం దాని అచ్చే. హీరో కెన్షిరో మంచివాడే. కానీ మంచితనం గెలవాలంటే ప్రతి పేజీలో ఎవరిదో తల పగలాలన్నట్టుంటే నాకు అలసటొస్తుంది. రాబర్ట్ కిర్క్‌మన్ రాసిన జాంబీల, అంటే లేచి తిరిగే శవాల కథ 'ద వాకింగ్ డెడ్' కూడా కొంతదూరం అలాగే వెళ్ళింది. 2003 అక్టోబర్ నుంచి 2019 జులై దాకా 193 సంచికలు, మొదటి ఆరూ గీసింది టోనీ మూర్, ఆ తర్వాతవి చార్లీ ఆడ్లార్డ్. చివరి సంచిక అదే చివరిదని ముందుగా చెప్పకుండా ముగించేశారు, చావు ఎప్పుడొస్తుందో తెలీని కథకి ఆ ముగింపు సరిగ్గా సరిపోయింది. అందులో నాకు నిలిచిపోయింది జాంబీలు కాదు. బతికినవాళ్ళు తలదాచుకున్న జైలు ఆవరణలో హెర్షెల్ అనే ముసలి రైతు మట్టి తవ్వి పంట పెడతాడే, అది. ఆ కథలో ఒక మనిషి వచ్చే నెల గురించి ఆలోచిస్తున్నాడంటే అదే పెద్ద వార్త.

'డాక్టర్ స్టోన్' పేరు చూసి పిల్లలది అనుకుని వదిలేసినవాళ్ళకి ఒక్క సంగతి. మనుషులంతా 3,700 ఏళ్ళు రాళ్ళైపోయి, ఒక కుర్రాడు లేచి, మళ్ళీ సైన్సు మొత్తం మొదటినుంచి కట్టుకురావాలి. అతను తొలి రోజుల్లోనే చేసుకునేవాటిలో సబ్బు ఒకటి. గవ్వలు దంచి, దాంతో సబ్బు చేసి, వైద్యుడు లేని లోకంలో మన ప్రాణాలు కాపాడే రాయి ఇదే, డాక్టర్ స్టోన్ ఇదే అంటాడు. కత్తి కంటే ముందు సబ్బు గుర్తొచ్చిన కథ కాబట్టి నాకు ఇష్టం.

కజువో ఉమెజు 1972 నుంచి 1974 దాకా గీసిన 'ద డ్రిఫ్టింగ్ క్లాస్‌రూమ్' అందుకు పూర్తిగా వ్యతిరేకం. బడి మొత్తం పిల్లలతో సహా పాడుబడ్డ భవిష్యత్తులోకి వెళ్ళిపోతుంది, పెద్దవాళ్ళు ముందుగా పిచ్చెక్కి పడిపోతారు, పిల్లలే రాజ్యం నడుపుకోవాలి. చాలా భయంకరంగా ఉంటుంది, చిన్నపిల్లలకి ఇవ్వద్దు. కానీ ఆ తల్లి ఉందే! కొడుకు ఎక్కడో కాలం అవతల ఉన్నాడని ఆమెకి తెలుసు, ఎవరూ నమ్మరు. వాడికి కత్తి కావాలని తెలిసి హోటల్ గోడలో కత్తి దాచిపెడుతుంది, ఎన్నో ఏళ్ళ అవతల శిథిలంలో వాడి చేతికి దొరకాలని. ప్లేగు వస్తే వాడికి మందు అందేలా చూస్తుంది. పొద్దున్న కొడుకుతో పోట్లాడి పంపించిన తల్లి ఆమె. అది చదివాక నేను అమ్మకి ఫోన్ చేశాను, ఏం మాట్లాడాలో తెలీక భోంచేశావా అని అడిగాను.

స్పానిష్‌లో 'ఎల్ ఎటెర్నౌటా' అని ఒకటుంది. 1957లో బ్యూనస్ ఐరెస్‌లో వారపత్రికలో మొదలైంది, రాసింది హెక్టర్ హెర్మన్ ఓస్టర్‌హెల్డ్, గీసింది ఫ్రాన్సిస్కో సొలానో లోపెజ్. నలుగురు స్నేహితులు మేడ మీద పేకాడుతుంటారు, బయట మంచు పడటం మొదలవుతుంది, ఆ మంచు రేణువు తగిలినవాళ్ళు తగిలినట్టు చచ్చిపోతారు. కిటికీ సందులన్నీ మూస్తారు. తర్వాత ఇంట్లో ఉన్న సామానుతోనే ఒంటికి గాలి చొరబడని సూటు తయారుచేసుకుంటారు, మొహానికి నీళ్ళలో ఈదేవాళ్ళు పెట్టుకునే ముసుగు. అసలైన హీరో గుంపే, ఒక్కడు కాదు అని ఓస్టర్‌హెల్డ్ తర్వాత ముందుమాటలో రాసుకున్నాడు. 1977లో అర్జెంటీనా సైనిక ప్రభుత్వం ఆయన్ని ఎత్తుకుపోయింది. నలుగురు కూతుళ్ళనీ మాయం చేశారు. ఆయన భార్య ఎల్సా, ఇద్దరు మనవలు మాత్రం మిగిలారు. ఈ సంగతి తెలిశాక ఆ సూటు కుడుతున్న పేజీలు చూడటం నాకు కష్టంగా ఉంటుంది, అయినా చూస్తాను.

2020లో అందరం తలుపులేసుకుని ఇళ్ళలో ఉన్నప్పుడు నేను తిరగేసింది 'యోకోహామా కైదాషి కికో'. హితోషి అషినానో 1994 నుంచి 2006 దాకా గీశాడు, 14 వాల్యూమ్‌లు. లోకం ఎలా మునిగిందో ఎక్కడా సరిగ్గా చెప్పడు. సముద్రం పెరిగి రోడ్లు నీళ్ళలోకి దిగిపోయుంటాయి, జనం పలచబడిపోయారు. ఆల్ఫా అనే రోబో అమ్మాయి ఒక కాఫీ కొట్టు చూసుకుంటూ ఉంటుంది. యజమాని ఎక్కడికో వెళ్ళాడు, పద్నాలుగు వాల్యూమ్‌లలోనూ తిరిగి రాడు. కస్టమర్లు వారానికి ఒకళ్ళు వస్తే గొప్ప. ఆమె రోజూ కొట్టు తెరుస్తుంది.

యజమాని ఆమెకి ఒక కెమెరా పంపిస్తాడు. మంచి ఫోటోలు తీయాలని రోజంతా స్కూటర్ మీద తిరుగుతుంది, ప్రతిచోటా కెమెరా ఎత్తి, ఇది ఇంకోసారి తీద్దాంలే అని దించేస్తుంది. తిరిగొచ్చేసరికి తీసినవి చాలా తక్కువ. ఈ చాప్టర్‌లో సంఘటన అంటూ ఏమీ లేదు, గాలికి గడ్డి ఊగుతుంటుంది, మేఘం కదులుతుంటుంది, కాని ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఎంతసేపు గడిచిందో మన ఒంటికి తెలుస్తుంది. ఇంకో రాత్రి గుట్ట మీద నుంచి చూస్తుంటే నీళ్ళ అడుగున, మునిగిపోయిన ఊళ్ళో వీధిదీపాలు ఇంకా వెలుగుతుంటాయి. పేజీ నిండా ఆ చుక్కలు. ఎవరూ ఏమీ అనరు.

చెప్పుకోవాల్సిన దుఃఖం వేరే ఉంది. ఆల్ఫాకి వయసు రాదు. కథ మొదట్లో ఆమె వెనకే తిరిగిన తకహిరో అనే చిన్న పిల్లాడు చూస్తుండగానే పొడుగవుతాడు, గొంతు మారుతుంది, పని నేర్చుకోవడానికి ఊరు వదిలిపోతాడు. అషినానో దాన్ని ఎక్కడా ఏడిపించేలా గీయలేదు. ఒక చాప్టర్‌లో వాడు ఆమె భుజం దాకా ఉంటాడు, కొన్ని చాప్టర్ల తర్వాత చూస్తే ఆమె తలెత్తి మాట్లాడుతోంది. వెనక్కి తిప్పి ఎప్పుడు జరిగిందా అని వెతికాను, దొరకలేదు. ఇంట్లో పిల్లలు పెరగడం కూడా ఇలాగే కదా తెలిసేది. మధ్యలో తుపానుకి కాఫీ కొట్టు కొట్టుకుపోతుంది. ఆమె కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగొచ్చి, మళ్ళీ చెక్కలు ఏరుకుని కట్టుకుంటుంది.

చివరిగా 'గర్ల్స్ లాస్ట్ టూర్'. త్సుకుమిజు అనే కలం పేరుతో వచ్చింది, 2014 నుంచి 2018 దాకా, 6 వాల్యూమ్‌లే. గీత చూస్తే నోట్‌బుక్‌లో పిల్లలు గీసినట్టు వణుకుతూ ఉంటుంది, వెనకున్న నగరం మాత్రం ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా ఎక్కడికో వెళ్ళిపోతుంది. చీటో, యూరీ అని ఇద్దరమ్మాయిలు, కెట్టెన్‌క్రాడ్ అనే పాతకాలపు మిలిటరీ బండి. ముందు చక్రం మోటార్‌సైకిల్‌లా, వెనక ట్యాంకు పట్టాలు. తిండి వెతుక్కుంటూ పైకి వెళ్ళాలి, అంతే కథ. దారిలో కనజావా అనే అతను కలుస్తాడు, ఆ ఖాళీ నగరానికి మ్యాపు గీస్తుంటాడు. ఎవరి కోసమని అడగాలనిపిస్తుంది మనకి. లిఫ్టు ఒరిగి ఆ మ్యాపులన్నీ చెల్లాచెదురుగా కింద పడిపోతాయి. ఇక నేనెందుకు అన్నట్టు అతను చెయ్యి వదిలేయబోతాడు. వీళ్ళు పట్టుకుంటారు. పైకొచ్చాక వీళ్ళకి తన కెమెరా ఇచ్చి, అతను మళ్ళీ మ్యాపు మొదలుపెట్టడానికి వెళ్ళిపోతాడు.

చీటోకి పుస్తకాలంటే ప్రాణం, డైరీ రాస్తుంది. యూరీకి చదవడమే సరిగ్గా రాదు, ఒకసారి తెలీక చీటో పుస్తకాన్ని మంటలో వేసేస్తుంది. ఆఖరి వాల్యూమ్‌లో చలికి తట్టుకోలేక చీటోనే ఒక్కో పుస్తకం మంటలో వేస్తుంది, డైరీతో సహా. పైఅంతస్తుకి చేరాక అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. మిగిలిన తిండి తినేసి, పక్కపక్కన పడుకుంటారు. ఆ చివరి పేజీలు నేను రెండోసారి చదవలేదు.

ఎక్కువసార్లు తెరిచేది దానికి కొంచెం ముందున్న చోటు. కెట్టెన్‌క్రాడ్ ఇక కదలదని తేలిపోతుంది. అన్నాళ్ళూ ఇద్దరినీ మోసిన బండి, చీటో ఎన్నిసార్లో చేతులకి నూనె పూసుకుని బాగుచేసిన బండి. చీటో ఏడుస్తుంది. తర్వాత ఇద్దరూ మంచు కరిగించి, నీళ్ళు కాచి, ఆ బండి వెనక తొట్టెలో పోసి, అందులో కూర్చుని స్నానం చేస్తారు. చుట్టూ మంచు, పైన నక్షత్రాలు, మెడ దాకా వేడి నీళ్ళు.